అందని బంతిని ఏ గడిలో రాయాలి?

ఓజీ స్మిత్ తన ఆటజీవితంలో షార్ట్‌స్టాప్‌గా చేసిన తప్పులు 281. డెరెక్ జీటర్ చేసినవి 254. స్మిత్ ఆ స్థానంలో ఆడింది 2,511 మ్యాచ్‌లు, జీటర్ ఆడింది 2,674. ఎక్కువ మ్యాచ్‌లాడి తక్కువ తప్పులు చేసింది జీటరే. ఈ నాలుగు అంకెలు చేతిలో పెట్టి ఇద్దరిలో ఎవరు మంచి ఫీల్డరో చెప్పమంటే ఎవరైనా జీటర్ పేరే చెబుతారు. బేస్‌బాల్ తెలిసినవాళ్లు ఆ జవాబు విని నవ్వుతారు. ఆ స్థానంలో ఆడినవాళ్లలో స్మిత్‌ను మించినవాడు లేడని చాలామంది ఒప్పుకుంటారు. జీటర్ ఫీల్డింగ్ మీద మాత్రం రెండు దశాబ్దాలుగా గొడవ సాగుతూనే ఉంది. మా ఇంట్లో కూడా.

నేను సికింద్రాబాద్‌లో రైల్వే గుమస్తాగా చేసి రిటైరయ్యాను. సెలవు దొరికినప్పుడల్లా జింఖానా మైదానంలో లీగ్ మ్యాచ్‌లకు స్కోరు రాసేవాణ్ని. ఆడటం రాదు, చూడటం వచ్చు, రాయడం ఇంకా బాగా వచ్చు. ఇప్పుడు న్యూజెర్సీలో, ఎడిసన్‌లో, కొడుకు దగ్గర ఉంటున్నాను. వాడు ఈ దేశం వచ్చిన కొత్తలో న్యూయార్క్ యాంకీస్ జట్టు 1998, 1999, 2000 వరసగా మూడేళ్లు వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ జట్టు షార్ట్‌స్టాప్ జీటర్. మావాడికి అమెరికాలో దొరికిన మొదటి దేవుడు అతనే. తిరుపతి వెంకన్న పటం పక్కన పెట్టలేదు గానీ, ఎదురు గోడకు 2వ నంబరు చొక్కా ఫ్రేము కట్టించి తగిలించాడు. ఆ గోడ కింద సోఫాలో కూర్చుని నేను జీటర్ ఫీల్డింగ్ సగటు కన్నా తక్కువని అంటాను. కోడలు టీవీ సౌండ్ పెంచుతుంది.

షార్ట్‌స్టాప్ అంటే రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడేవాడు. కుడిచేతి బ్యాటర్లు ఎక్కువ కాబట్టి, నేల మీద దొర్లే బంతులు ఎక్కువగా అటే వస్తాయి. బంతి బ్యాట్‌ను వదిలాక బ్యాటర్ మొదటి బేస్ చేరడానికి పట్టేది నాలుగు సెకన్ల పైచిలుకు. ఆలోపు షార్ట్‌స్టాప్ పక్కకు పరిగెత్తి, వంగి, బంతి పట్టి, మైదానం అడ్డంగా విసిరి మొదటి బేస్‌కు చేర్చాలి. పాదం ఒక్క అడుగు ఆలస్యమైనా ఔట్ కావలసినవాడు బేస్ మీద నిలబడి ఉంటాడు. మైదానంలో క్యాచర్‌ను పక్కన పెడితే ఇంతకన్నా కష్టమైన చోటు లేదు. స్కోరు పుస్తకంలో ఈ చోటు నంబరు 6.

ఈ ఆటలో ఫీల్డర్లకు మార్కులు వేసే పాత పద్ధతి ఇది: బంతి దొరికి ఔట్‌లో చెయ్యి ఉంటే ఒక మంచి పని, చేజారితే ఒక తప్పు. మంచి పనుల్ని మొత్తం అవకాశాలతో భాగిస్తే ఫీల్డింగ్ పర్సంటేజీ. ఈ లెక్కన స్మిత్‌కు 97.8 శాతం, జీటర్‌కు 97.6 శాతం. వెయ్యి బంతులకు రెండు బంతుల తేడా. ఇద్దరూ ఒకటే అన్నట్టు.

స్కోరర్‌గా నాకు ఈ పద్ధతి మీద మొదటినుంచీ అనుమానం. తప్పు అని రాసేది ఎవరు? మైదానంలో పరిగెత్తే అంపైర్ కాదు, పైన గదిలో కూర్చున్న అధికారిక స్కోరర్. మామూలు ప్రయత్నంతో ఆ బంతి దొరకాల్సిందే అని అతనికి అనిపిస్తే తప్పు. దొరకడం కష్టమే అనిపిస్తే బ్యాటర్ ఖాతాలో హిట్. అంటే తప్పు రాయాలంటే ఫీల్డర్ ముందు ఆ బంతి దగ్గరికి చేరాలి. రెండడుగుల దూరంలో బంతి దొర్లుకుంటూ పోతే, ఫీల్డర్ దాన్ని చూస్తూ నిలబడిపోతే, పుస్తకంలో అతనికి ఎదురుగా ఏమీ పడదు. శిక్ష పడేది బంతి విసిరిన పిచ్చర్‌కు. మా ఆఫీసులో రైళ్ల రాకపోకల రిజిస్టరు రాసేటప్పుడు ఒక సంగతి తెలిసేది. రద్దయిన రైలు ఎప్పుడూ ఆలస్యమైన రైళ్ల జాబితాలోకి రాదు. సగం రైళ్లు రద్దు చేస్తే సమయపాలన అద్భుతంగా కనిపిస్తుంది. ఫీల్డింగ్ పర్సంటేజీ కూడా అలాంటి రిజిస్టరే. మందకొడి కాళ్లున్నవాడికి అది చేసే మేలు అంతా ఇంతా కాదు.

తిరకాసు ఇంకోవైపు కూడా ఉంది. మావాడు గోడ మీద చొక్కా చూపించి మాటిమాటికీ చెప్పే దృశ్యం 2001 అక్టోబర్ 13 నాటిది. ఓక్లండ్‌లో మ్యాచ్. అయిదు మ్యాచ్‌ల సిరీస్‌లో యాంకీస్ అప్పటికే రెండు ఓడారు. ఏడో ఇన్నింగ్స్‌లో 1-0తో ముందున్నారు. టెరెన్స్ లాంగ్ కుడివైపు మూలకు కొట్టాడు. మొదటి బేస్ నుంచి జెరెమీ జియాంబీ హోమ్ ప్లేట్ దాకా పరుగు పెట్టాడు. రైట్ ఫీల్డర్ షేన్ స్పెన్సర్ విసిరిన బంతి మధ్యలో అందుకోవాల్సిన ఇద్దరి తలల మీదుగా పోయింది. ఎక్కడినుంచో జీటర్ మైదానానికి అడ్డంగా పరిగెత్తుకొచ్చి, మొదటి బేస్ గీత దగ్గర ఆ బంతి పట్టి, పరిగెత్తే ఊపులోనే పక్కకు క్యాచర్ జార్జ్ పొసాడా చేతికి వేశాడు. జియాంబీ జారకుండా నిలబడే వచ్చాడు, ఔటయ్యాడు. ఆ మ్యాచ్ 1-0తోనే ముగిసింది, సిరీస్ కూడా యాంకీస్‌దే అయింది.

నేనూ ఆ వీడియో చూశాను. అలాంటి బుర్ర అందరికీ ఉండదు. షార్ట్‌స్టాప్ ఉండాల్సిన చోటే కాదది. కానీ స్కోరు పుస్తకంలో అది 9-6-2. రైట్ ఫీల్డర్, షార్ట్‌స్టాప్, క్యాచర్. జీటర్ ఖాతాలో ఒక అసిస్ట్. మర్నాడు మామూలు బంతి పట్టి మొదటి బేస్‌కు విసిరినా అదే ఒక అసిస్ట్. పుస్తకం మహత్తునూ రాయదు, నిర్లక్ష్యాన్నీ రాయదు. మహత్తు మాత్రం టీవీలో నూరుసార్లు వస్తుంది, జనానికి అది గుర్తుంటుంది. అందని బంతిని ఎవరూ మళ్లీ వేసి చూపించరు.

ఈ చిక్కుముడిని మొదట సూటిగా పట్టుకున్నవాడు బిల్ జేమ్స్. కాన్సస్‌లోని లారెన్స్‌లో, చిక్కుడు గింజలూ పంది మాంసమూ డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీకి రాత్రి కాపలా కాస్తూ బేస్‌బాల్ లెక్కలు రాసుకున్న మనిషి. 1977లో సొంత ఖర్చుతో పుస్తకం వేసి అమ్ముకున్నాడు. అతని మాట సులువు: ఫీల్డర్ ఎన్ని పాడుచేశాడని కాదు, ఎన్ని పనులు పూర్తిచేశాడని చూడండి. పుటౌట్లూ (తనే ముగించిన ఔట్లు) అసిస్ట్‌లూ (ఔట్‌కు అందించిన విసుర్లు) కలిపి మ్యాచ్‌లతో భాగించండి. దాన్నే రేంజ్ ఫ్యాక్టర్ అన్నారు. నేను కాగితం మీద వేసి చూశాను. స్మిత్ పుటౌట్లు 4,249, అసిస్ట్‌లు 8,375. మొత్తం 12,624ను 2,511తో భాగిస్తే మ్యాచ్‌కు 5.03. జీటర్‌వి 3,820, 6,605. మొత్తం 10,425ను 2,674తో భాగిస్తే 3.90. వెయ్యికి రెండు బంతుల తేడా ఉన్నవాళ్ల మధ్య ఇప్పుడు మ్యాచ్‌కు ఒక బంతికి పైగా తేడా వచ్చింది.

ఇక్కడే నా కొడుకు కూడా కాగితం లాక్కున్నాడు. వాడు కంప్యూటర్ లెక్కల్లో బతికేవాడు, ఊరుకుంటాడా? "నాన్నా, స్మిత్ రోజుల్లో స్ట్రైక్ ఔట్లు ఎన్ని? జీటర్ రోజుల్లో ఎన్ని? బంతి బ్యాట్‌కు తగలకపోతే షార్ట్‌స్టాప్ దగ్గరికి ఎలా వస్తుంది?" అన్నాడు. నిజమే. 1980లో ఒక్కో జట్టు మ్యాచ్‌కు సగటున అయిదు లోపే స్ట్రైక్ ఔటయ్యేది. 2014కు వచ్చేసరికి అది ఎనిమిదికి చేరువైంది. మైదానంలోకి వచ్చే బంతులే తగ్గిపోయాయి. పైగా నేల మీద బంతులు కొట్టించే పిచ్చర్లున్న జట్టులో షార్ట్‌స్టాప్‌కు పని ఎక్కువ, గాల్లోకి లేపించే పిచ్చర్లుంటే తక్కువ. స్మిత్ ఆడిన సెయింట్ లూయిస్ మైదానంలో చాలా ఏళ్లు కృత్రిమ గడ్డి, దాని మీద బంతి దూకుడు వేరు. కాబట్టి ఆ తేడా అంతా జీటర్ నెత్తిన వేయడం అన్యాయం. ఆ మాట ఒప్పుకుంటేనే అసలు కొలత మొదలవుతుంది. అడగాల్సింది ఒకటే: ఇతని వైపు ఎన్ని బంతులు వచ్చాయి, అదే చోట నిలబడిన సగటు షార్ట్‌స్టాప్ వాటిలో ఎన్నింటిని ఔట్‌గా మార్చేవాడు, ఇతను ఎన్ని మార్చాడు?

దీనికి జవాబు చెప్పాలంటే ప్రతి మ్యాచ్‌లో ప్రతి బంతి ఎటు పోయిందో కావాలి. పాత మ్యాచ్‌లకు అది ఎక్కడినుంచి వస్తుంది? మావాళ్ల దగ్గరినుంచే, అంటే స్కోరర్ల దగ్గరినుంచే. డెలావేర్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చెప్పే డేవిడ్ స్మిత్ అనే ప్రొఫెసర్ 1989లో రెట్రోషీట్ అనే సంస్థ మొదలుపెట్టాడు. జట్ల దగ్గర, పత్రికల వాళ్ల దగ్గర, పాత స్కోరర్ల దగ్గర పడి ఉన్న స్కోరు కాగితాలు సేకరించి, స్వచ్ఛందంగా వచ్చినవాళ్లతో ఒక్కో మ్యాచ్‌నూ బంతిబంతిగా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మా లీగ్ పుస్తకాలు ఎక్కడున్నాయి? నేను రాసినవి, నాకు ముందు రాసినవాళ్లవి? పాత కాగితాల బండి మీద తూకానికి పోయాయని తర్వాత తెలిసింది. ఎవర్ని అనగలం? ఇక్కడ ఒక పాత కాగితం మీద షార్ట్‌స్టాప్ పట్టలేని బంతిని లెఫ్ట్ ఫీల్డర్ తీసుకున్నాడని రాసి ఉంటే చాలు, ఆ హిట్ భారం ఎవరి మీద ఎంత వేయాలో అంచనా వేయొచ్చు. అలా వచ్చిందే టోటల్ జోన్ అనే లెక్క. 2003 నుంచి దాని బదులు వీడియో చూసి ప్రతి బంతి వేగమూ పడిన చోటూ గుర్తించే పద్ధతి వచ్చింది. జాన్ డీవన్ బృందం తయారుచేసిన ఆ లెక్క పేరు డిఫెన్సివ్ రన్స్ సేవ్డ్. బేస్‌బాల్ రిఫరెన్స్ వాళ్లు ఈ రెండిటినీ అతికించి ఒక్కో ఆటగాడి జీవితకాలపు ఫీల్డింగ్ విలువను పరుగుల్లో చూపిస్తారు.

ఆ లెక్కలో స్మిత్ సగటు షార్ట్‌స్టాప్ కన్నా 240 పరుగుల దరిదాపుల్లో ఎక్కువ ఆపాడు. జీటర్ సగటు కన్నా రెండు వందలకు పైగా పరుగులు తక్కువ ఆపాడు. బేస్‌బాల్‌లో పది పరుగులు ఇంచుమించు ఒక గెలుపుతో సమానం. ఇద్దరికీ మధ్య నలభైకి పైగా గెలుపుల తేడా.

ఈ అంకె వినగానే మావాడు లేచి నిలబడ్డాడు. "నేను ఇరవయ్యేళ్లు చూశాను నాన్నా, అంత తేడా ఉంటే నాకు కనపడదా?" అన్నాడు. కనపడదు. ఎందుకు కనపడదో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఔట్ కావలసిన బంతి హిట్‌గా మారితే జట్టుకు జరిగే నష్టం ముప్పావు పరుగు. రెండు వందల పరుగుల నష్టమంటే దాదాపు 267 బంతులు. జీటర్ ఆ చోట ఆడింది 2,674 మ్యాచ్‌లు. పది మ్యాచ్‌లకు ఒక్క బంతి! అసలు నష్టం రెండు వందలకు పైనే కాబట్టి ఇంకాస్త తరచుగా అనుకోండి. పది మ్యాచ్‌లంటే పదకొండు పన్నెండు రోజులు. ఆ రోజుల్లో సగటు షార్ట్‌స్టాప్ కన్నా జీటర్ ఒకే ఒక్క బంతి వదిలేశాడు. అదీ చేజార్చి కాదు, చేరుకోలేక. అది అతనికి ఎడమవైపు, రెండో బేస్ పక్కనుంచి మధ్యలోకి దూసుకెళ్లే బంతి అయి ఉంటుంది, ఎందుకంటే అతని బలహీనత ఎక్కువగా అటే ఉండేది. టీవీలో వ్యాఖ్యాత ఆ బంతిని చూసి బ్యాటర్ ఎంత చక్కగా ఖాళీలోకి కొట్టాడో అన్నాడు. నా కొడుకు పక్క గదిలోకి వెళ్లి కాఫీ తెచ్చుకున్నాడు. దీన్ని కన్ను ఎలా పట్టుకుంటుంది? పది మ్యాచ్‌లు వరసగా చూసినా సరే, ఏ బంతి సగటు షార్ట్‌స్టాప్‌కు అంది ఉండేదో తెలియాలంటే పక్కనే మిగతా జట్ల షార్ట్‌స్టాప్‌లందర్నీ నిలబెట్టి చూడాలి. అభిమానికి అది సాధ్యం కాదు. కోచ్‌కు కూడా కాదు.

కానీ అదే ఒక్క బంతి పంతొమ్మిది ఇరవై ఏళ్లు పోగుపడితే ఇరవై గెలుపులైంది. జీవితకాలపు కొలతకు ఉన్న శక్తి ఇదే. రోజువారీగా కనపడనిది దీర్ఘకాలంలో దాగదు.

బిల్ జేమ్స్ 2006లో డీవన్ పుస్తకంలో ఇదే విషయం మీద రాశాడు. జీటర్‌ను హ్యూస్టన్ షార్ట్‌స్టాప్ ఆడమ్ ఎవరెట్‌తో పోల్చి, అంకెలను నమ్మకుండా ఇద్దరి వీడియోలూ కూర్చుని చూశాడు. అంకెలు చెప్పిందే కంటికీ తేలింది. ఎవరెట్ బ్యాటింగ్ అంతంతమాత్రం, అందుకే ఆ పేరు ఈ దేశంలోనే చాలామందికి గుర్తులేదు. జీటర్ గాల్లోకి ఎగిరి, నేలకు కాలు తాకకుండానే మొదటి బేస్‌కు విసిరే దృశ్యం మాత్రం పిల్లలు కూడా అనుకరిస్తారు. మా మనవడు పెరట్లో అదే చేస్తాడు. "రెండడుగులు ముందే చేరి ఉంటే ఎగరక్కర్లేదురా" అన్నాను. తాతకు కళాహృదయం లేదని వాడు తేల్చేశాడు.

ఇక్కడ జీటర్ తరఫున నేనే వాదిస్తాను. సగటు షార్ట్‌స్టాప్ అంటే ఊళ్లో దొరికే మనిషి కాదు. ప్రపంచంలో ఆ పని చేయగల ముప్ఫై మంది అగ్రగణ్యుల సగటు. ఆ సగటుకు కాస్త తక్కువవాడు కూడా మామూలోడు కాదు, వేరే చోటికి మారిస్తే చక్కగా రాణించవచ్చు. జీటర్ 40వ ఏట కూడా అక్కడే నిలబడ్డాడు. వయసు పైబడ్డ చాలామందిని మూడో బేస్‌కు పంపుతారు, కాళ్ల మీద భారం తగ్గుతుంది. జీవితకాలపు మొత్తంలో ఆ చివరి ఏళ్ల నష్టం కూడా అతని ఖాతాలోనే పడింది. బ్యాటుతో 3,465 హిట్లు, అయిదు వరల్డ్ సిరీస్‌లు. 2020లో మేటి ఆటగాళ్లకు శాశ్వత గౌరవమిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ ఎన్నికలో 397 మంది ఓటర్లలో 396 మంది అతనికి ఓటేశారు. ఆ ఒక్కడు నేను కాదని మావాడికి చాలాసార్లు చెప్పాను. ఓటుండి ఉంటే నేనూ వేసేవాణ్నే.

నాకు మింగుడుపడనిది ఆ అయిదు గోల్డ్ గ్లవ్‌లు. 2004, 2005, 2006, 2009, 2010. ఇది ఆయా లీగ్‌లో ఒక్కో స్థానంలో ఆ ఏటి మేటి ఫీల్డర్‌కిచ్చే బహుమతి, బ్యాటింగ్‌తో సంబంధం లేదు. మొదటి బహుమతి కథ చూడండి. 2004లో యాంకీస్ టెక్సాస్ నుంచి అలెక్స్ రోడ్రిగ్జ్‌ను తెచ్చుకుంది. అంతకుముందు రెండేళ్లూ, 2002లో, 2003లో, షార్ట్‌స్టాప్ గోల్డ్ గ్లవ్ అతనిదే. ఇద్దరు షార్ట్‌స్టాప్‌లలో ఒకరు జరగాలి. జరిగింది రోడ్రిగ్జ్, మూడో బేస్‌కు. ఆ ఏడాది షార్ట్‌స్టాప్ గోల్డ్ గ్లవ్ జీటర్‌కు వచ్చింది! జట్టు పెద్దమనుషులకు జీటర్‌ను కదిలించే ధైర్యం లేకపోయింది, అది వాళ్ల ఇంటి విషయం. కానీ బహుమతి ఇచ్చినవాళ్లకేమైంది?

2010 బహుమతి ఇంకా స్పష్టంగా చెబుతుంది. ఆ ఏడాది జీటర్ తప్పులు ఆరే, శాతం 98.9. అతని జీవితంలోనే అత్యుత్తమం. అప్పటికి అతనికి 36 ఏళ్లు. కాళ్లు నెమ్మదించినవాడి చేతికి వచ్చే బంతులు తేలికైనవే అవుతాయి, అవి చేజారవు. అధికారిక పుస్తకంలో అతను అన్నాళ్లకన్నా మెరుగయ్యాడు. ఓటేసిన మేనేజర్లూ కోచ్‌లూ పుస్తకాన్ని చూశారు. అంతకన్నా ఘోరం కూడా జరిగింది లెండి: 1999లో మొదటి బేస్ గోల్డ్ గ్లవ్ రాఫెల్ పాల్మీరోకు ఇచ్చారు, ఆ ఏడాది అతను మొదటి బేస్‌లో నిలబడింది 28 మ్యాచ్‌లే. 2013 నుంచి ఈ ఎంపికలో నాలుగో వంతు బరువు గణాంకాలకు ఇస్తున్నారు. నాలుగో వంతు! మిగతా మూడు వంతులూ ఇంకా కంటిచూపే.

అలాగని ఏడాదికో అంకె ఇచ్చి దాన్నే వేదంలా పట్టుకోమని నేననను. ఒక్క సీజన్ ఫీల్డింగ్ అంకె చాలా చపలమైనది. 2023లో యాంకీస్ కొత్త షార్ట్‌స్టాప్ ఆంథొనీ వోల్పే, మా న్యూజెర్సీ కుర్రాడే, గోల్డ్ గ్లవ్ గెలిచాడు. ఆ ఏడాది ఒక లెక్క అతన్ని అగ్రశ్రేణిలో కూర్చోబెట్టింది, ఇంకో లెక్క సగటుకు కొంచెం పైన అంతే అంది. రెండూ నిజాయితీగా చేసినవే. ఒక సీజన్‌లో నిజంగా తేడా తేల్చే బంతులు, అంటే కొందరికి అంది కొందరికి అందనివి, చాలా కొద్ది. నాలుగు బంతులు అటూ ఇటూ అయితే అంకె తారుమారు. లెక్కలు చేసేవాళ్లే ఫీల్డింగ్ విషయంలో కనీసం మూడేళ్లు కలిపి చూడమంటారు. నా మట్టుకు నేను ఏడాది అంకెను పత్రికలో చదివి పక్కన పెడతాను. పదిహేనేళ్ల అంకెను మాత్రం ఏ కోచ్ జ్ఞాపకం కన్నా ఎక్కువ నమ్ముతాను.

ఆ పదిహేనేళ్ల అంకె వెనక ఏముందో అంకె చెప్పదు. అది వేరే సంగతి, కానీ రుచి అంతా అందులోనే ఉంది. బాల్టిమోర్ షార్ట్‌స్టాప్ కాల్ రిప్‌కెన్ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. ఆ చోటికి సరిపడని ఒడ్డూ పొడుగూ, చురుకైన కాళ్లు కావు. కానీ తన పిచ్చర్ ఏ బంతి వేయబోతున్నాడో, ఈ బ్యాటర్ దాన్ని ఎటు కొడతాడో ముందే లెక్కేసుకుని రెండడుగులు జరిగి నిలబడేవాడు. 1984లో 583 అసిస్ట్‌లు, అమెరికన్ లీగ్ రికార్డు. 1990లో మొత్తం సీజన్‌కు మూడే తప్పులు. ఇతని విషయంలో పాత లెక్కా కొత్త లెక్కా ఒకటే మాట చెప్పాయి. స్మిత్ కథ ఇంకోటి. 1980లో శాన్ డియేగోకు ఆడుతూ 621 అసిస్ట్‌లు చేశాడు, అది షార్ట్‌స్టాప్‌కు ఒక సీజన్ రికార్డు. 1985లో కుడి భుజంలో కండర తంతువు చిరిగింది. విసిరే చెయ్యి అది. ఆపరేషన్ వద్దనుకుని, కసరత్తుతో భుజాన్ని నిలబెట్టుకుంటూ, విసురులో పోయిన బలాన్ని బంతిని త్వరగా వదలడంతో పూడ్చుకున్నాడు. 1980 నుంచి 1992 దాకా వరసగా 13 గోల్డ్ గ్లవ్‌లు అతనివే. స్మిత్ మ్యాచ్‌కు ముందు వేసే వెనక పిల్లిమొగ్గలు చూసి ముచ్చటపడ్డవాళ్లలో ఈ భుజం సంగతి ఎందరికి తెలుసో!

మన క్రికెట్‌లో ఈ గొడవే లేదు, ఎందుకంటే మన దగ్గర పుస్తకమే లేదు. క్యాచ్‌లు రాస్తాం, రనౌట్లు రాస్తాం, అంతే. మా హైదరాబాద్ అజారుద్దీన్ వన్డేల్లో 156 క్యాచ్‌లు పట్టాడని నేను నిద్రలో కూడా చెబుతాను. పాయింట్‌లో అతను ఆపిన పరుగులెన్ని? ఏ పుస్తకంలోనూ లేదు. ఏక్‌నాథ్ సోల్కర్ 27 టెస్టుల్లో 53 క్యాచ్‌లు పట్టాడు. ఎన్ని అవకాశాల్లో 53? ఎవరికి తెలుసు. బేస్‌బాల్ వాళ్లు కనీసం తప్పుడు గడైనా పెట్టుకున్నారు, దాన్ని దిద్దుకోవడానికి నూరేళ్లు పట్టింది. మనం గడే గీసుకోలేదు.

తమాషా ఏమిటంటే, ఎల్‌బీడబ్ల్యూ అప్పీళ్లకు మనం వాడే హాక్-ఐ కెమెరాలే 2020 నుంచి అమెరికా బేస్‌బాల్ మైదానాలన్నిటిలో ఉన్నాయి. అవి బంతినే కాదు, ప్రతి ఫీల్డర్ పాదాన్నీ వెంటాడతాయి. బంతి దెబ్బ తగిలిన క్షణంలో షార్ట్‌స్టాప్ ఎక్కడ నిలబడ్డాడు, ఎంత దూరం పోవాలి, ఎంత సమయం ఉంది, పరిగెత్తే బ్యాటర్ ఎంత వేగం, ఇవన్నీ కలిపి ఆ ఔట్‌కు ఎంత అవకాశముందో లెక్క కడతారు. నూటికి పాతిక పాళ్లే అవకాశమున్న బంతిని ఔట్ చేస్తే ముప్పావు మార్కు కలుస్తుంది. నూటికి డెబ్బై అయిదు పాళ్లున్నది వదిలేస్తే ముప్పావు మార్కు పోతుంది. అందని బంతికి చివరికి ఒక గడి దొరికింది. లీగ్ ఈ అంకెల్ని అందరికీ తెరిచి పెట్టింది, మా మనవడు ఫోన్‌లో చూస్తాడు. అవే కెమెరాలు ఐపీఎల్‌లో ఏం చూస్తున్నాయో మనకు మాత్రం అప్పుడప్పుడూ టీవీలో ఒక బొమ్మగా కనిపించి మాయమైపోతుంది. ఫీల్డింగ్ వివరాలు మన క్రికెట్ బోర్డు బయటపెట్టాలి. రాసుకునే ఓపిక ఉన్న స్కోరర్లు మనకు కరువు కాలేదు.

చివరగా ఒక ఫిర్యాదు, జీటర్ మీద కాదు. బాల్టిమోర్‌లో రిప్‌కెన్‌కు ముందు మార్క్ బెలాంజర్ అనే షార్ట్‌స్టాప్ ఉండేవాడు. 1965 నుంచి 1982 దాకా ఆడాడు, ఎనిమిది గోల్డ్ గ్లవ్‌లు. రెట్రోషీట్ కాగితాల మీద కట్టిన లెక్కలో అతను ఆపిన పరుగులు కూడా స్మిత్‌లాగే 240 దరిదాపుల్లో ఉన్నాయి, అదీ స్మిత్ కన్నా అయిదు వందలకు పైగా మ్యాచ్‌లు తక్కువ ఆడి. బ్యాటింగ్ సగటు .228, అది అతని పాపం. పక్కన మూడో బేస్‌లో బ్రూక్స్ రాబిన్సన్ లాంటి మహానుభావుడు ఉండటం వల్ల కొంత వెలుగు అటు పోయింది. హాల్ ఆఫ్ ఫేమ్ ఎన్నికలో బెలాంజర్‌కు అయిదు శాతం ఓట్లు కూడా రాక మొదటి ఏడాదే జాబితాలోంచి తీసేశారు. అప్పటి ఓటర్ల దగ్గర ఉన్నది తప్పుల గడి మాత్రమే, వాళ్లను అనలేం. ఇప్పుడు పాత ఆటగాళ్ల పేర్లు మళ్లీ పరిశీలించే కమిటీ ఉంది, ముందు కొత్త లెక్కలున్నాయి. బ్యాటుతో ఇరవై గెలుపులకు పైగా ఎదురు సంపాదించాడు కాబట్టి జీటర్ గ్లవ్ నష్టాన్ని మనం క్షమించాం, సరే. గ్లవ్‌తోనే ఇరవై గెలుపులకు పైగా తెచ్చిన మనిషి బ్యాటును క్షమించడానికి ఆ కమిటీకి ఉన్న అభ్యంతరం ఏమిటో నాకు తెలియాలి. మావాడు ఈ ఒక్క విషయంలో నాతో ఏకీభవించాడు, చొక్కా మాత్రం గోడ మీదే ఉంటుందన్నాడు.